ఒక్క శనివారం పిల్లల్ని ప్రదర్శనకు పంపండి: విశాఖ హెడ్మాస్టర్లకు ఒక డ్రాయింగ్ మేస్టారి బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని ప్రభుత్వ, మున్సిపల్, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులందరికీ నమస్కారం.

నేను ఈ ఊళ్లోనే 30 ఏళ్లకు పైగా డ్రాయింగ్ మేస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరితో ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాను. కొందరైతే నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. మన నగరంలో ఫైన్ ఆర్ట్స్ పీజీ విద్యార్థులు కలిసి ప్రదర్శన పెట్టినప్పుడు, మీ ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక శనివారం ఒక్క పూట అక్కడికి తీసుకెళ్లండి. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, ఓపికగా చదవండి.

ఈ మధ్య బీచ్ రోడ్డులో ఒక హాల్లో ఎం.ఎఫ్.ఎ. చదువుతున్న 9 మంది కలిసి నాలుగు రోజుల ప్రదర్శన పెట్టారు. నేను నాలుగు రోజులూ వెళ్లాను. మొదటి రోజు సాయంత్రం దీపం వెలిగించినప్పుడు హాలు నిండుగా ఉంది. వాళ్ల అమ్మానాన్నలు, క్లాస్‌మేట్లు, లెక్చరర్లు, నాలాంటి పాతవాళ్లు కొందరు వచ్చారు. రెండో రోజు నుంచి హాలు ఖాళీ. బయట రోడ్డు మీద జనం తిరుగుతూనే ఉన్నారు. మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్నారు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. లోపల 9 మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఎవరైనా మెట్లెక్కుతారేమోనని గుమ్మం వైపు చూస్తున్నారు. రెండేళ్లు చేసిన పని గోడల మీద ఉంది. చూసే కళ్లు లేవు.

ఏం పెట్టారో చెప్పకుండా రమ్మంటే మీరెందుకు వస్తారు? అందుకే ముందు అది చెబుతాను.

ముగ్గురు పెయింటింగ్ వాళ్లు. అందులో ఒకమ్మాయి హుద్‌హుద్ తుపాను రాత్రి మీద ఆరు బొమ్మలు వేసింది. 2014 అక్టోబర్ 12న తను ఏడో తరగతి. రేకుల కప్పు ఎగిరిపోయిన గదిలో ఇంటిల్లిపాదీ మంచం కింద దూరి ఉండడం, తెల్లారి లేచేసరికి వీధిలో ఒక్క చెట్టూ నిలబడి లేకపోవడం, నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల వరుస. బొమ్మలన్నీ ముదురు నీలం, బూడిద రంగుల్లో ఉన్నాయి. ఒక్క బిందెలకే పసుపు పచ్చ. హెడ్మాస్టర్లారా, ఇప్పుడు మీ ఆరో తరగతిలో కూర్చున్న పిల్లలు ఆ తుపాను నాటికి ఇంకా పుట్టలేదు, లేకపోతే ఉయ్యాల్లో ఉన్నారు. వాళ్ల ఊరికి ఏం జరిగిందో వాళ్లకంటే పదేళ్లు పెద్దదైన అక్క బొమ్మ గీసి చెబుతోంది. సోషల్ టీచర్‌కి అంతకంటే ఏం కావాలి?

ఇద్దరు శిల్పం వాళ్లు. ఒకబ్బాయిది గాజువాక. వాళ్ల నాన్న వెల్డర్. ఇనుప తుక్కును అతికించి ఈ అబ్బాయి నిలువెత్తు మనిషిని చేశాడు. వెల్డింగ్ తనకు నేర్పింది నాన్నేనని చెప్పుకున్నాడు. రెండో అబ్బాయి అంకుడు కర్రతో చేశాడు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది ఆ కర్రతోనే. ఆ బొమ్మలకు 2017లో జీఐ (ఆ ఊరికే చెందిన ప్రత్యేక వస్తువన్న) గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ దాకా వెళ్లాయి. ఈ అబ్బాయి బొమ్మలు చేయలేదు. లేత్ మీద తిప్పిన చిన్న చిన్న ముక్కలకు గింజలు, బెరడు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పట్టించి, వందల ముక్కలు పేర్చి నేల మీద ఒక అల పరిచాడు. దూరం నుంచి చూస్తే నీళ్లలా కదిలినట్టే ఉంది.

ఇంకొకరు ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం జరిగేటప్పుడు మనుషుల చేతులు మాత్రమే తీసిన వీడియో పెట్టారు. మొహాలు కనబడవు. ఐసు ఎత్తే చేతులు, నోట్లు లెక్కపెట్టే చేతులు, వేలు చూపించి ధర పెంచే చేతులు. ఒకరు వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు ప్రాంతపు ఇళ్ల తలుపుల ఫోటోలు పెట్టారు.

మిగతా ఇద్దరు ప్రింట్ మేకింగ్ వాళ్లు, అంటే ప్లేటు మీదో చెక్క మీదో బొమ్మ చేసి సిరాతో కాగితం మీద ముద్ర తీసేవాళ్లు. వాళ్ల దగ్గరే నేను ఎక్కువసేపు ఉండిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం జరిగిన సంగతీ అక్కడిదే.

ఆ రోజు ఉన్నట్టుండి వాన. తడవకుండా ఉందామని ముగ్గురు పిల్లలు లోపలికి పరిగెత్తుకొచ్చారు. స్కూల్ యూనిఫాంలో ఉన్నారు, పన్నెండు పదమూడేళ్లు ఉంటాయి. ముందు భయపడ్డారు. టికెట్ ఎంతని అడిగారు. టికెట్ లేదు, చూడండి అన్నాను. ఇనుప మనిషి చుట్టూ ఒక తిరుగు తిరిగారు. తర్వాత వాళ్లలో ఒకడు ప్రింట్ల దగ్గర ఆగిపోయాడు.

నల్లటి సిరాతో తీసిన పెద్ద ప్రింట్ అది. వల ముద్ర. జింక్ ప్లేటు మీద మెత్తటి మైనం పూత పూసి, దాని మీద నిజం వలను పరిచి నొక్కి తీసేస్తే, వల దారం ఆనిన చోటల్లా మైనం లేచి వచ్చేస్తుంది. ప్లేటును నీళ్లు కలిపిన యాసిడ్‌లో పెడితే మైనం లేని చోట లోహం తినేసి గాడి పడుతుంది. అలా దారం పురి కూడా కనబడేలా ముద్ర వస్తుంది. వాడికి ఇవేవీ తెలియవు. దగ్గరికి వెళ్లి వేలు చూపించి, "ఏటి సార్ ఇది, వలా?" అని అడిగాడు. ఆ ప్రింట్ చేసిన అమ్మాయి అవునంది. వాడు కాసేపు చూసి అన్నాడు:

"ఇక్కడ చిరిగిపోతే మళ్లీ అల్లీసినారు అక్కా."

మేమెవ్వరం చూడలేదు. నిజమే, కింద ఎడమ వైపు జానెడు మేర వల కన్నులు కాస్త చిన్నవిగా, ముడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. "మా తాత ఇలాగే అల్లుతాడు, కళ్లు సరిగా కనపడక దగ్గరగా వేసేస్తాడు" అన్నాడు. ఆ అమ్మాయి ఏడాదిన్నరగా ఆ ప్లేటు మీద పనిచేస్తోంది. జాలారిపేటలో ఎవరో పారేసిన వల తెచ్చుకుంది. ఆ వలకు ఒక ముసలాయన చేతి బాగుచేత ఉందని తనకే తెలియదు. కుర్చీ వదిలేసి వాడి పక్కన నేల మీద కూర్చుని, ఇంకా ఏమేం కనబడుతోందో చెప్పమని అడిగింది. వాన తగ్గాక కూడా ఆ ముగ్గురూ గంటసేపు ఉన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను సర్వీసులో ఉండగా ఎన్ని తరగతుల పిల్లల్ని ఎన్నిచోట్లకు తీసుకెళ్లానో లెక్కపెట్టుకున్నాను. 2002లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం తెరిచాక దానికి తీసుకెళ్లాను, ఒక్కసారి కాదు, చాలాసార్లు. జూకి, కైలాసగిరికి, బౌద్ధుల కాలం నాటి బొజ్జన్నకొండకి, తొట్లకొండకి తీసుకెళ్లాను. అవన్నీ మంచివే, పిల్లలు చూడాల్సినవే. ఒక్క చిత్రకళా ప్రదర్శనకు మాత్రం ఒక్కసారీ తీసుకెళ్లలేదు. డ్రాయింగ్ మేస్టారిని అయ్యుండి! అడిగితే పంపేవారో లేదో తెలియదు, అసలు అడగనే లేదు. ఆ తప్పు నాది. ఆ తప్పు మీ దగ్గర కొనసాగకూడదనే ఈ ఉత్తరం.

నా కాలంలో డ్రాయింగ్ పీరియడ్ ఎలా ఉండేదో మీకు తెలుసు. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, టీటీసీ ట్రైనింగ్ చేసి, ఎంతో ఆశతో ఉద్యోగంలో చేరాను. ఒక బడిలో వరసగా మూడేళ్లు డిసెంబర్ రాగానే నా పీరియడ్లన్నీ పదో తరగతి లెక్కలకు ఇచ్చేశారు. ఆ బడి పేరు చెప్పను. ఆనాటి హెడ్మాస్టరు చెడ్డవారూ కారు. రిజల్ట్స్ టెన్షన్ ఆయనది. కానీ ఆ మూడేళ్లలో చక్కగా గీసే ఒక అమ్మాయి నా చేతుల్లోంచి జారిపోయింది. పదో తరగతి అయ్యాక ఏం చదవాలని ఆ పిల్ల అడిగితే, బొమ్మల్ని డిగ్రీగా చదవొచ్చని గట్టిగా చెప్పలేకపోయాను. చెప్పినా వాళ్ల ఇంట్లో నమ్మేవారు కాదు, ఎందుకంటే చూపించడానికి ఎదురుగా ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు బి.ఎఫ్.ఎ., ఆ పైన రెండేళ్లు ఎం.ఎఫ్.ఎ. చదవొచ్చు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఆ క్యాంపస్ గోడ పక్కనుంచి రోజూ బస్సులో వెళ్లే మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? ఒకసారి అసెంబ్లీలో చేతులెత్తించి చూడండి.

ఇంకో విషయం. స్కూళ్లలో డ్రాయింగ్ పోటీలకు నన్ను ఇప్పటికీ జడ్జిగా పిలుస్తుంటారు. వంద బొమ్మలొస్తే అరవై ఒకటే బొమ్మ. రెండు త్రికోణాల కొండలు, మధ్యలోంచి సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. మన ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. బీచ్ రోడ్డులో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడుతుంది, దాని వాలు ఏ త్రికోణంలోనూ ఇమడదు. రోజూ దాన్ని చూసే పిల్ల కాగితం మీద మాత్రం ఎవరో నేర్పిన రెండు త్రికోణాలు గీస్తోంది. తను చూసేది బొమ్మకు పనికొస్తుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మాటలు చాలవు కూడా. పాత వలని, వెల్డింగ్ తుక్కుని, ట్యాంకర్ దగ్గర బిందెల్ని పెద్దవాళ్లు గోడకు ఎక్కించారని కళ్లతో చూడాలి. అది చూశాక ఆ రెండు త్రికోణాలు వాటంతటవే పోతాయి. వాన కోసం లోపలికొచ్చిన కుర్రాడు మర్నాడు మళ్లీ వచ్చాడు. లెక్కల నోటు పుస్తకం వెనక పేజీలో వాళ్ల తాత వేళ్లు గీసుకొచ్చాడు. గోళ్లు, కణుపులు, దారం అన్నీ ఉన్నాయి. బొటనవేలు తప్పుగా వచ్చింది, ఉండాల్సినంత కంటే పొడుగ్గా. నాకు అంత నచ్చిన బొమ్మ ఈ మధ్య ఏ పోటీలోనూ చూడలేదు.

మీరు చెప్పే ఇబ్బందులు నాకు తెలుసు. సిలబస్ అవ్వదు, తల్లిదండ్రులు ఊరుకోరు, దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? చివరిదానికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. జలాంతర్గామి దగ్గరికి ఎలా తీసుకెళ్తున్నారో ఇక్కడికీ అలాగే. వీలైతే అదే రోజు, అదే బస్సులో. ఇక సిలబస్ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలున్న బడిలో కళలు నేర్పడానికి పార్ట్ టైమ్ బోధకులు ఉండాలని అందులో రాసి ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమంది, స్థానిక చేతివృత్తుల వాళ్ల దగ్గర పని చూసి నేర్చుకోమంది. నేను అడిగేది ఆ పదిలో ఒక్క రోజు, అందులోనూ ఒక్క పూట.

సైన్స్ టీచర్‌ని కూడా వెంట రమ్మనండి. లోహాలు, ఆమ్లాల పాఠం చెప్పేటప్పుడు మనం పరీక్ష నాళికలో జింక్ ముక్క వేసి చూపిస్తాం, అది కూడా ల్యాబ్ ఉంటే. ఇక్కడ అదే జింక్ మీద యాసిడ్ చేసిన పనిని వేలితో తడిమి తెలుసుకోవచ్చు. ప్లేటు యాసిడ్‌లో ఉన్నప్పుడు గీత వెంట బుడగలు లేస్తాయట, అవి అంటుకుని ఉండిపోతే గాడి సమంగా పడదట, అందుకని పక్షి ఈకతో మెల్లగా తోసేస్తారట. ఇది ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? ఎంతసేపు ఉంచితే అంత లోతు, ఎంత లోతైతే అంత నలుపు. ప్లేటు మీద కుడి వైపు గీసింది కాగితం మీద ఎడమకు వస్తుంది, కాబట్టి అక్షరాలు తిరగేసి రాయాలి. ప్రింట్ కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే మొత్తం తీసిన 10 కాపీల్లో ఇది మూడోదని అర్థం. భిన్నం అనుకుని ఆ ముగ్గురు పిల్లల్లో ఒకడు దాన్ని దశాంశంలోకి మార్చేశాడు కూడా.

అందరూ ఆర్టిస్టులు అయిపోవాలని నేను అనడం లేదు. వందలో ఒకరు అవుతారేమో. కానీ ఆ ఒకరిని గుర్తుపట్టేది ఎవరు? రాజమండ్రిలో 1897లో పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు కథ మీకు తెలిసే ఉంటుంది. అప్పుడు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. స్వయంగా బొమ్మలు వేసేవారు. ఈ కుర్రాడి చేతిలో ఏముందో ఆయన పట్టుకున్నారు, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవడానికి దారి చూపారు. అడవి బాపిరాజు చేత కూడా కుంచె పట్టించింది ఆయన ప్రోత్సాహమే. రామారావు 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారు. అయినా వందేళ్ల తర్వాత కూడా ఆయన పేరున రాజమండ్రిలో గ్యాలరీ ఉంది, బొమ్మలు ఉన్నాయి, మనం చెప్పుకుంటున్నాం. ఆ ప్రిన్సిపాల్ ఏ జీవో చూసి ఆ పని చేశారు? పిల్లవాడి కాగితం చేతిలోకి తీసుకుని చూశారు, అంతే. మీరు కూర్చున్నదీ అలాంటి కుర్చీలోనే.

తీసుకొచ్చేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి, అనుభవంతో చెబుతున్నాను. ఒకేసారి 40 మందికి మించి తేవద్దు. వరసలో నడిపించి పది నిమిషాల్లో బయటకు తీసుకుపోతే రానట్టే లెక్క. లోపలికి వచ్చాక వాళ్లను వదిలేయండి. ప్రతి పిల్లా తనకు నచ్చిన ఒక్కదాని ముందు పావుగంట కూర్చోవాలి, చేతనైనట్టు గీసుకోవాలి. "దీని నుంచి మీరేం నేర్చుకున్నారు, పది వాక్యాల్లో రాయండి" అని మాత్రం దయచేసి ఇవ్వకండి. ఆ ఒక్క ప్రశ్న చూసిందంతా చెడగొడుతుంది. నచ్చలేదని ఎవరైనా అంటే అననివ్వండి. ఎందుకు నచ్చలేదో ఆ బొమ్మ వేసిన వాళ్లతోనే చెప్పమనండి. ఆ ప్రదర్శనలో ఒక పెయింటింగ్ నాకూ నచ్చలేదు, చెప్పాను, ఆ అబ్బాయి ఏమీ అనుకోలేదు.

ఆ 9 మందితోనూ నేను కొన్ని మాటలు మాట్లాడాను. అవి కూడా మీకు తెలియాలి. గోడల మీద పేర్లు, వివరాలు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. సగం వాటికి పేరే లేదు, "అన్‌టైటిల్డ్" అని రాశారు. ఎందుకలా అంటే అందరూ అలాగే పెడతారు సార్ అన్నారు. జాలారిపేట వల మీద, గాజువాక ఇనుము మీద పనిచేసి, ఆ పేటల వాళ్లు చదవలేని భాషలో వివరం రాస్తే ఎలా అని అడిగాను. నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి ప్రతిదాని కిందా తెలుగులో చేత్తో రాసిన చీటీ అంటించి ఉంది. వల ప్రింట్ కింద చీటీలో, వలకు అతుకు ఉందని కనిపెట్టింది ఫలానా బడి ఏడో తరగతి అబ్బాయి అని కూడా రాశారు. వాడి పేరుతో సహా.

ప్రదర్శన వేళలు కూడా మారుస్తామన్నారు. ఇప్పటిదాకా ఉదయం 11కి తెరిచేవారు. పిల్లలు వచ్చేట్టయితే 9 గంటలకే తెరుస్తారు. తాకకూడని వాటి మధ్య, తాకడానికని ఒక బల్ల వేస్తారు. దాని మీద గాడి పడిన జింక్ ప్లేటు, చెక్కిన ఉడ్‌కట్ దిమ్మ, శిల్పం పోతకు వాడిన ప్లాస్టర్ అచ్చు, అంకుడు కర్ర ముక్క ఉంటాయి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పెద్ద ప్రెస్సును తేవడం కుదరదు. బల్ల మీద పెట్టుకునే చిన్న ప్రెస్ ఒకటి దొరికితే పిల్లల చేతే చక్రం తిప్పించి ప్రింట్ తీయిస్తారు. మీలో ఎవరి బడికైనా దాతలో పూర్వ విద్యార్థులో ఉంటే, వాళ్లకు ఆ చిన్న ప్రెస్ సంగతి చెప్పండి. ఏడాదంతా బడి నుంచి బడికి తిప్పుకోవచ్చు.

తర్వాతి బ్యాచ్ వాళ్ల ప్రదర్శన తేదీ ఖాయం కాగానే మీ అందరి బడులకూ నేనే స్వయంగా వచ్చి కాగితం ఇస్తాను. ప్రైవేటు స్కూళ్ల వారికి బస్సులున్నాయి. మున్సిపల్ బడుల్లో కొన్ని నడిచి రాగలిగే దూరంలోనే ఉన్నాయి, మిగతా వారికి ఆటోల ఏర్పాటు గురించి మేం కొందరం రిటైర్డ్ టీచర్లం మాట్లాడుకుంటున్నాం. ఆ నాలుగు రోజులూ ఉదయం నుంచి నేను గుమ్మం దగ్గరే ఉంటాను. ఎంతమంది పిల్లలు వస్తారో ముందురోజు సాయంత్రంలోగా చెబితే చాలు. ప్రింట్ తీయాలంటే కాగితం ముందే తడిపి పెట్టుకోవాలట, అందుకని లెక్క కావాలని ఆ అమ్మాయి అడిగింది.

ఇట్లు,
మీ పాత సహోద్యోగి,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మేస్టారు,
విశాఖపట్నం